పందిరి మీద నాలుగాకులు

తెనాలి,
బుధవారం.

సౌభాగ్యవతి సీతాలక్ష్మికి,

ఆశీస్సులు. ఇక్కడ నేను క్షేమం. చేతి అలవాటు కొద్దీ "అందరం క్షేమం" అని రాయబోయి కలం ఆపాను. ఎందుకు ఆపానో ఈ ఉత్తరం చివరికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది. అక్కడ బాపట్లలో నువ్వూ, అమ్మాయి రాగసుధా, అల్లుడూ, అందరికంటే ముందు మన చిట్టి మనవరాలూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

అల్లుడు వేదవ్యాస్ నిన్న ఏదో సెమినారుకి వడ్లమూడి వచ్చి, అక్కణ్ణించి మన ఇంటిదాకా వచ్చి నీ ఉత్తరం నా చేతిలో పెట్టాడు. కాఫీ పెడతానన్నాను. నా కాఫీ సంగతి అతనికి తెలుసు, బస్సు టైమైందని వెళ్లిపోయాడు. చేతిలో ఫోనుండగా ఈ ఉత్తరమేంటని ముందు నవ్వుకున్నాను. తరవాత నీ ఎత్తు అర్థమైంది. నువ్వు పసిదాన్ని ఒళ్లో వేసుకుని ఫోను స్పీకరులో పెడతావు, నేను అన్నిటికీ "బాగానే ఉంది" అని పెట్టేస్తాను. అదే కాగితం మీద అడిగితే పంతులుగారు కదా, ఒక్క ప్రశ్న వదలకుండా వరసగా జవాబులు రాస్తారని. సరే, రాస్తున్నాను. నీ ఉత్తరంలో రెండు అక్షరదోషాలున్నాయి. దిద్దుదామని ఎర్రసిరా పెన్ను తీసి మళ్లీ లోపల పెట్టేశాను. ఇవాళ ఇంకొకరి తప్పులు దిద్దే స్థితిలో నేను లేను.

మొదట మామిడి అడిగావు. మన చిన్నరసం ఈ ఏడు ఏడిపించింది. మే నెలంతా వానలే అయ్యేసరికి సగం కాయ పండకముందే రాలిపోయింది. చెట్టున పండినవాటిని కోస్తే లోపల తెల్ల పురుగు. మనకైతే కోస్తే తప్ప తెలియదు గానీ చిలకలకి తెలిసిపోతోంది. ఒక కొరుకు కొరకడం, నచ్చకపోతే కింద పారెయ్యడం. చెట్టు కింద ఊడవలేక నా నడుం పట్టేసింది. నీకూ అమ్మాయికీ అని నాలుగు మంచి కాయలు ఏరి అల్లుడికి ఇద్దామనుకున్నాను, నాలుగు కూడా దొరకలేదు.

ములగచెట్టు సంగతి చెబితే నువ్వు నమ్మవు. వానలకి చెట్టంతా గొంగళిపురుగులే. పక్కింటి దేవకుమారి గారు మందు కొట్టించమని రోజూ పోరుతున్నారు. నేను కొట్టించలేదు, ఎందుకంటే గోరింకలు పొద్దున్నే వచ్చి చెట్టు మీద పెళ్లి భోజనానికి కూర్చున్నట్టు కూర్చుంటున్నాయి. ఉసుళ్లు లేచిన మర్నాడైతే మన వరండా మీద కాకికీ గోరింకకీ పంచాయితీ. నువ్వు పోసిన తోటకూర మళ్లు మాత్రం నత్తల పాలయ్యాయి. ఉప్పు చల్లి చూశాను. నత్తలు పోయాయి, వాటితోపాటు తోటకూర కూడా పోయింది. నవ్వుకో.

పిట్టలకి నీళ్లు పెడుతున్నారా అని అడిగావు. పెడుతున్నాను. ఒకపక్క వాన కురుస్తుంటే గొడుగు వేసుకుని వెళ్లి మరీ ఆ మట్టి మూకుట్లో నీళ్లు పోశాను. నువ్వు చెప్పింది చెప్పినట్టు చేసిన పని ఈ వేసవిలో అదొక్కటేనేమో.

నందివెలుగు రోడ్డులో తాడిచెట్టుకి గిజిగాళ్లు వచ్చాయా అని కూడా రాశావు. వచ్చాయి, అదీ మే నెలలోనే. వానలు చూసి తొలకరి వచ్చేసిందనుకున్నాయి పాపం. హడావిడిగా గడ్డి మోసుకొచ్చి అల్లడం మొదలుపెట్టాయి. ఆ వెంటనే వారం రోజులు రోహిణి ఎండ విరగకాసింది. గడ్డి ఎండిపోయింది, సగం అల్లిన గూళ్లు అలాగే వదిలేసి ఎటో పోయాయి. సాయంత్రం నడకకి వెళ్లినప్పుడు ఆ చెట్టు కింద నిలబడి చూస్తుంటే బాధేసింది. అకాలపు వాన మనిషిని తడిపి వదిలేస్తుంది గానీ పిట్టలకి అబద్ధం చెబుతుంది. నేను అబద్ధాల గురించి మాట్లాడకూడదనుకో.

ఇక నువ్వు కింద గీత గీసి మరీ అడిగిన ప్రశ్న. "మన బాలింత పిల్లలు ఎటువైపు ఎగిరాయి, మీరు చూశారా? గూడు పందిరి మీంచి తియ్యకండి. ఆదివారం వచ్చి నేనే జాగ్రత్తగా తీసుకెళ్లి పసిదాని ఉయ్యాల పక్కన కడతాను. రెండూ ఒకేసారి గండం గట్టెక్కాయి కదండీ." ఈ నాలుగు వాక్యాలూ నేను నిన్నటి నుంచి ఎన్నిసార్లు చదువుకున్నానో నాకే తెలియదు.

బాలింత అన్న పేరు పెట్టింది నువ్వే. అమ్మాయికి ఎనిమిదో నెలలోనే నొప్పులొచ్చి, పసిదాన్ని ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో పెట్టిన రోజులవి. బట్టల కోసం ఒక్క పూట ఇంటికి వచ్చావు. వచ్చినదానివి మల్లెపందిరి కింద అలా నిలబడిపోయావు. పందిరి తూర్పు మూల గుబురులో పిగిలిపిట్ట గూడు కట్టుకుని పొదుగుతోంది. నల్లటి తల మీద చిన్న జుట్టు, తోక కింద ఎర్రటి మచ్చ, మనం అంత దగ్గరగా వెళ్లినా కదలకుండా కూర్చుంది. "ఇది కూడా బాలింతేనండీ. దీని పిల్లలు బాగుంటే మన పిల్లా బాగుంటుంది" అన్నావు. చదువుకున్నదానివి, ఇదేం లెక్క అని నేను వెక్కిరించాను. నువ్వు బట్టల సంచీ పుచ్చుకుని బస్సెక్కావు. ఆ రోజు నుంచీ ఎప్పుడు ఫోను చేసినా ముందు పసిదాని బరువు చెప్పడం, తరవాత మన బాలింత ఎలా ఉందని అడగడం.

సీతా, ఆ పిల్లలు ఎగరలేదు.

అవి చచ్చిపోయాయి. ఉయ్యాల వేడుకకి చాలా ముందే, మన పిల్ల ఇంకా ఆ పెట్టెలో ఉండగానే చచ్చిపోయాయి. కారణం కాకీ కాదు, పిల్లీ కాదు, నేనే.

ఎలా జరిగిందో చెబుతాను. మే మొదట్లో వానలు పట్టుకున్నాయి కదా. మల్లెతీగ వాన నీళ్లు తాగి ఆకు మీద ఆకు వేసింది గానీ ఒక్క మొగ్గ తొడగలేదు. అప్పుడు నువ్వు బాపట్ల నుంచి ఫోను చేశావు. ఆసుపత్రి వరండాలో ఉన్నట్టున్నావు, నీ వెనక ఎవరో ఏడుస్తున్నారు, ఇక్కడ మన రేకుల మీద చినుకులు. "పందిరి మీద నాలుగాకులు వెయ్యండి" అన్నావు. లైను తెగిపోయింది.

ఆ మర్నాడు పొద్దున్నే నేను పందిరి ఎక్కి ఆకు దూశాను.

ఆకు దూస్తే మల్లె మొగ్గ తొడుగుతుందని నువ్వే కదా ఏటా మాఘమాసంలో దూయిస్తావు. ఆ పద్ధతి నాకు తెలుసు. పందిరంతా మోడు చేసి, గూడు చుట్టూ మాత్రం నాలుగు రెమ్మలు వదిలాను, దానికేదో పెద్ద ఉపకారం చేసినట్టు. అప్పటికి గుడ్లు పిల్లలయ్యాయి. పిట్ట గూటికీ గోడకీ మధ్య ఎగురుతూ ఒకటే అరుపు. కాసేపుంటే సర్దుకుంటుందిలే అనుకున్నాను.

తరవాత ఒక మధ్యాహ్నం కుంభవృష్టి కురిసింది. భోంచేసి పడుకుని ఉన్నాను. పిట్ట అరుపుకే మెలకువ వచ్చింది. లేచి గొడుగో గోనెసంచో తీసుకెళ్లి ఆ మూల కప్పుదామని అనిపించింది, అనిపించలేదని అనను. ఇంత పెద్ద వాన ఎంతసేపు కురుస్తుందిలే, తగ్గాక చూద్దాం అనుకుని అటు తిరిగి పడుకున్నాను. వాన చీకటిపడే ముందు తగ్గింది. స్టూలు వేసుకుని ఎక్కి చూస్తే తల్లి రెండు రెక్కలూ చాపి గూటి మీద పరుచుకుని ఉంది. ఒంటి మీద ఈకలన్నీ తడిసి తోలుకి అంటుకుపోయి, అది పిట్టలా లేదు. చెయ్యి చాపినా ఎగరలేదు. దాని కింద పిల్లలు ఎప్పుడో చల్లబడిపోయాయి. అది మర్నాడు ఎండ వచ్చేదాకా అలాగే కూర్చుంది సీతా. తిండి లేదు, అరుపు లేదు. నేను వరండాలో కుర్చీ వేసుకుని దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఆ సమయానికి నువ్వూ అమ్మాయీ అద్దాల గది బయట బెంచీ మీద కూర్చుని ఉంటారని గుర్తొచ్చింది.

మర్నాడు నువ్వు ఫోను చేసి పసిదానికి కాస్త ఆయాసంగా ఉందన్నావు, ఆ వెంటనే మన బాలింత ఎలా ఉందన్నావు. నేను "బాగానే ఉంది, పిల్లలు నోళ్లు తెరుస్తున్నాయి" అన్నాను. ఆ రోజు చెప్పిన అబద్ధాన్ని నువ్వు కూడా క్షమిస్తావు. ఆ పరిస్థితిలో ఎవరైనా అదే చెప్పేవాళ్లు. కానీ మన పిల్ల పెట్టెలోంచి బయటికి వచ్చాక కూడా నేను అదే చెప్పాను. ఇంటికి వచ్చాకా అదే చెప్పాను.

ఇంతవరకే రాసి ఊరుకుందామనుకున్నాను. ఇంతవరకు చదివితే నీకు నామీద కోపం కంటే జాలే ఎక్కువ వేస్తుంది. ముసలాయన, ఫోన్లో సరిగ్గా వినపడలేదు, వెయ్యండి అంటే దుయ్యండి అని విన్నాడు అనుకుంటావు. దేవకుమారి గారికి నేను అలాగే చెప్పాను. పందిరి బోసిగా ఉందేంటి అన్నయ్యగారూ అని ఆవిడ అడిగితే, ఆకు వెయ్యమంటే దుయ్యమన్నట్టు వినిపించిందమ్మా అన్నాను. ఆవిడ నొచ్చుకుని చెవుల డాక్టరు పేరు కూడా చెప్పారు. ఆ డాక్టరు దగ్గరికి వెళ్తానని మాట కూడా ఇచ్చాను.

నా చెవులు బాగానే ఉన్నాయి. జీతం తీసుకున్నంతకాలం పిల్లలకి డిక్టేషన్ చెప్పి, వెనక బెంచీలో ఎవడు ఒత్తు మింగాడో నా బల్ల దగ్గర నుంచే పట్టుకున్నవాణ్ణి. నువ్వు "వెయ్యండి" అన్నావు. నాకు "వెయ్యండి" అనే వినిపించింది. లైను తెగాక ఒక్క క్షణం "దుయ్యండి" అని ఉంటుందా అని మనసులో అనుకున్నాను. అనుకుని, అదే కావాలని పట్టుకున్నాను. తిరిగి ఫోను చేసి అడిగితే అర నిమిషం పని. అడిగితే నువ్వేం చెబుతావో తెలుసు కనుకనే అడగలేదు.

ఇంకా ఉంది. ఆకు దూసిన ఐదారు రోజులకి రేపల్లె నుంచి మీ తమ్ముడు ఫోను చేశాడు. "బావగారూ, అక్క తాటాకులు పంపమందండి, పందిరి మీదకంట, పాసింజర్లో తెలిసినాయనకిచ్చి పంపాను" అన్నాడు. నేనే స్టేషనుకి వెళ్లి తెచ్చుకున్నాను. పచ్చి పచ్చిగా, వెడల్పుగా, ఎంత మంచి ఆకులో. అప్పటికి పెద్ద వాన ఇంకా రాలేదు, పిల్లలు బతికే ఉన్నాయి. ఆ మూల రెండు ఆకులు కప్పితే చాలు. పందిరి కిందకి మోసుకెళ్లాను కూడా. పైకి చూస్తే, దూసిన కణుపుల దగ్గర ఆవగింజంత మొగ్గలు కనిపించాయి. వాటికి ఎండ తగలాలి. ఇప్పుడు నీడ కప్పితే మొగ్గ ఎదగదని తాటాకులు తీసుకొచ్చి నా స్కూటరు మీద కప్పాను. వానకి స్కూటరు తడవలేదు.

ఎందుకు చేశానంటే ఏం చెప్పను? మన ఇంటి పూలతో ఉయ్యాల కడతానని రేపల్లెలో మీ వాళ్లందరి ముందు, వియ్యాలవారి ముందు కూడా గొప్పలు పోయాను. నీ చేతికి తప్ప ఈ తీగ పూయదని అందరూ అంటారు. ఒక్కసారి నా చేతికి పూసిందనిపించుకోవాలని. దానికి తోడు ఇంకొకటి. పసిది ఉంటుందో ఉండదో తెలియని రోజుల్లో, ఉయ్యాలకి పూలు సిద్ధం చేస్తుంటే ఉయ్యాల కడతాం అనే ధైర్యం నాకు కలిగేది. ఇది నిజమే గానీ, దీని చాటున దాక్కోవాలని లేదు. ఎక్కువ పాలు గొప్పే.

పూలు పూశాయి. ఇటు అకాలపు వాన, అటు దూసిన తీగ, విరగపూసింది. ఉయ్యాల రోజు తెల్లవారుజామున కోసి, తడిగుడ్డలో చుట్టి బుట్టలో పెట్టుకుని వచ్చాను. రైలు తప్పిపోయి చందోలు మీదుగా తిరిగి వెళ్లే బస్సు ఎక్కాను. దారిలో పిట్టలవానిపాలెం అని బోర్డు కనిపిస్తే తల అటు తిప్పుకున్నాను. పక్కన కూర్చున్న పెద్దావిడ పూల వాసన పీల్చి, ఎవరింట్లో శుభకార్యం నాయనా అని అడిగింది. మనవరాలి ఉయ్యాల అని చెప్పి, బుట్ట మీదకి తల వంచుకుని కళ్లు తుడుచుకున్నాను. ఆవిడ అది సంతోషమనుకుంది.

నువ్వు ఆ పూలన్నీ అరటినారతో కట్టి ఉయ్యాల నాలుగు గొలుసులకీ చుట్టావు. అందరి ముందూ, "చూశారా, ఈయన చేత్తో కూడా పూయించారు" అని మురిసిపోయావు. ఆ వెంటనే "మన బాలింత పిల్లలేమయ్యాయండీ" అన్నావు. ఎగిరిపోయాయి అన్నాను. చేతిలో పళ్లెం కింద పెట్టి దేవుడి పటం వైపు తిరిగి దణ్ణం పెట్టావు. నీ కళ్లలో నీళ్లు చూశాను సీతా. మన పెళ్లయ్యాక నువ్వు అంత నిశ్చింతగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఆ నిశ్చింత నేనిచ్చింది కాదు, దొంగిలించి ఇచ్చింది. పసిది ఆ పూల కింద పడుకుని నిద్రపోతోంది. నేను వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగాను.

ఇప్పుడు నువ్వు ఆ గూడు అడుగుతున్నావు. నిజం చెబుతున్నాను, నిన్న నీ ఉత్తరం చదవగానే చేసిన మొదటి పని స్టూలెక్కి గూడు తియ్యడం. పిల్లల్ని అప్పుడే తీసి నిమ్మచెట్టు కింద పాతిపెట్టాను కనుక గూడు ఖాళీగానే ఉంది. లోపల అంటుకున్న రెండు చిన్న ఈకలు తీసేసి, పాత పళ్లకుంచెతో దులిపి, ఎండలో పెట్టాను. ముద్దుగా, కొత్తదానిలా తయారైంది. నువ్వు చూస్తే ఏ అనుమానమూ రాదు. చక్కగా తీసుకెళ్లి మన పిల్ల ఉయ్యాల పక్కన కట్టేదానివి. అది పెద్దదై, తాతగారింటి పందిట్లో పిట్ట కట్టుకున్న గూడని అందరికీ చూపించేది. అలా చూపిస్తున్నట్టు ఊహించుకున్నాను. ఊహించుకున్నాక గూడు చేత్తో పట్టుకోలేకపోయాను. తీసుకెళ్లి పిల్లల్ని పాతిన చోటే పెట్టి మట్టి కప్పాను.

అందుకని గూడు లేదు. నువ్వు వచ్చి అడిగితే ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.

నువ్వు అన్న లెక్క నిజం కాదని కూడా ఈ ఉత్తరంలోనే చెప్పాలి. దాని పిల్లలు పోయిన మర్నాడే మన పిల్లకి ఆయాసం వచ్చింది, ఆ తరవాతే తగ్గింది, బరువు పెరిగింది. రెంటికీ సంబంధం లేదు. ఈ ముక్క తెలిసి నువ్వు ఇప్పుడు పసిదాని వైపు బెదురుగా చూస్తావేమోనని నా భయం. చూడకు. తప్పు నాది, పసిదానికి దానితో సంబంధం లేదు. అమ్మాయికి ఇదంతా చెప్పాలో వద్దో నువ్వే చూసుకో. పచ్చి ఒళ్లు, నా మటుకు నేను వద్దనుకుంటాను. కానీ ఏది చెప్పాలో ఏది దాచాలో తేల్చే పని ఇక నేను చెయ్యను. చేసిన ముచ్చట చూశావుగా.

ఆ పిట్ట మళ్లీ ఇటు రాలేదు. మల్లెతీగకి ఇంకా పూలున్నాయి. నేను కొయ్యడం లేదు. దేవకుమారి గారు వచ్చి కోసుకెళ్తున్నారు, ఎంత బాగా పూసిందండీ అంటారు, నేను అవునండి అంటాను. నా చెవులు బాగానే ఉన్నాయని, నువ్వు చెప్పింది నాకు వినపడిందని ఈ సాయంత్రం ఆవిడకి కూడా చెప్పేస్తాను. ముందు నీకు తెలియాలని ఆగాను.

ఈ ఉత్తరం అల్లుడి చేతికివ్వకుండా తపాలాలో వేస్తున్నాను. శనివారానికి అందుతుంది. ఆదివారం వస్తానన్నావు. గేటు తీసి, నన్ను పలకరించకముందే నువ్వు పందిరి కిందికి వెళ్తావని నాకు తెలుసు. నవ్వుతూ అటు వెళ్లి అక్కడ నిలబడి నువ్వు ఆ సంగతి తెలుసుకోవడం నేను చూడలేను. నాతో మాట్లాడకపోయినా సరే, నా చేతి కాఫీ పారబోసినా సరే. సాయంత్రం బండికే బాపట్ల తిరిగి వెళ్తానన్నా, స్టేషనుదాకా సంచీ మోసుకుని నీ వెనకే వస్తాను. కానీ తెలిసి రా.

ఇట్లు,
రాగసుధ నాన్న,
గౌరీశంకరం.